పాత చేతిగడియారము: ఆనవాలు పట్టుట, కాపాడుకొనుట



మీ యిండ్లలో పెట్టె యడుగుననో బీరువా సొరుగులోనో పెద్దలు కట్టి విడిచిన చేతిగడియారమొకటి యుండవచ్చును. పట్టీ తెగియుండును, అద్దము మసకబారియుండును, ముళ్లు ఏనాటి వేళనో చూపుచు నిలిచియుండును. అది తాతగారిది కావచ్చును. మేనమామగారు సైన్యమునుండి వచ్చునపుడు తెచ్చినది కావచ్చును. అమ్మమ్మగారు తమ మొదటి జీతముతో కొనుకొన్నది కావచ్చును. అట్టి గడియారము చేతికి చిక్కినంతనే పిల్లలు కీని గట్టిగా త్రిప్పుదురు, లేదా వెనుకమూతను చాకుమొనతో లేపుదురు. పెద్దలు దానిని దుకాణమునకు గొనిపోయి, "దీనిని క్రొత్తదానివలె చేసి యిమ్ము" అందురు. పిల్లలు చేయు రెండు పనులకంటె పెద్దలు చేయు ఈ మూడవ పనియే యెక్కువ హానికరమైనదని మా యభిప్రాయము. కీ విఱిగినయెడల వేఱొకటి వేయవచ్చును. గీత పడిన మూత గీతతోనే పనిచేయును. క్రొత్తదానివలె చేయబడిన గడియారము మాత్రము తాను ఎవరిదో, ఎక్కడిదో, ఎన్నటిదో చెప్పజాలదు. కాబట్టి గడియారమును బాగుచేయించుటకు ముందు దానిని చదువ నేర్చుకొనవలెను.

మొదట లోపలి సంగతి కొంచెము తెలిసికొందము. బ్యాటరీతో నడచు క్వార్ట్జు చేతిగడియారమును జపాను దేశపు సైకో కంపెనీవారు 1969వ సంవత్సరము డిసెంబరు నెలలో మొట్టమొదట అమ్మకమునకు పెట్టిరి. అంతకు పూర్వపు చేతిగడియారములలో దాదాపు అన్నియు స్ప్రింగు బలముచే నడచునవే. కీ త్రిప్పినపుడు చిన్న డబ్బీవంటి దానిలో చుట్టబడియున్న ఉక్కుపట్టీ బిగియును. దీనిని మెయిన్ స్ప్రింగు అందురు. అది యెప్పుడెప్పుడు విప్పుకొందునా యని తొందరపడుచుండును. దానిని ఒక్కసారిగా విప్పుకొననీయక, కొలత ప్రకారము కొంచెము కొంచెముగా విడుచుటయే తక్కిన యంత్రమంతయు చేయు పని. పండ్ల చక్రముల వరుస యొకటి ఆ బలమును మోసికొనిపోయి, ఇటునటు ఊగులాడు బాలెన్సు చక్రమునకు అందజేయును. ఆ చక్రమునకు వెండ్రుకవలె సన్నని స్ప్రింగొకటి తగిలింపబడియున్నది. గోడగడియారమునకు లోలకమెట్టిదో చేతిగడియారమునకు ఈ రెండును కలిసి అట్టివి.

చెవియొద్ద పెట్టుకొన్నపుడు వినబడు టిక్కు టిక్కు అను చప్పుడు ఈ బాలెన్సు చక్రము ఊగునపుడు పుట్టునదే. పాత గడియారములలో పెక్కింటికి సెకనుకు 5 దెబ్బలు, అనగా గంటకు 18,000. దినమునకు 4,32,000. సంవత్సరమునకు 15,76,80,000. దినమునకు అరనిమిషము తప్పు నడచు గడియారమును చూచి మనము "ఇది చెడిపోయినది" అని విసుగుకొందుము. దినమునకు 86,400 సెకనులు గదా! 30 సెకనుల తప్పనగా 2,880 పాళ్లలో ఒక పాలు మాత్రమే. అంత తక్కువ తప్పులతో లెక్కలు చేయు బాలుడు మా తరగతిలో ఇంకను కనబడలేదు.

డయలుమీద "17 జ్యూయెల్సు" అని యుండుట చూచి లోపల వెలగల రత్నములున్నవని కొందఱు తలంతురు. మన వాడుకలో వీనిని రాళ్లందురు. బాగుచేయుటకు ఇచ్చిన గడియారము మఱల ఆగిపోయినచో "రాళ్లు కాజేసినాడు" అని మరమ్మతు చేయువానిని నిందించుట మనలో తఱచుగా వినబడుచుండును. పాపము, ఇది న్యాయమైన నింద కాదు. బాలెన్సు చక్రపు ఇరుసు కొనలు మిల్లీమీటరులో పదియవ వంతు మందము మాత్రమే యుండును. ఇత్తడి రేకులో తొలిచిన రంధ్రమున అట్టి కొన తిరిగినచో రంధ్రము త్వరలోనే అఱిగి సాగిపోవును. కెంపు మిక్కిలి గట్టిరాయి గనుక దానికి రంధ్రము చేసి ఇరుసును అందులో నిలుపుదురు. ఈ యుపాయమునకు 1704వ సంవత్సరమున లండను నగరములో, స్విట్జర్లాండునందు పుట్టిన నికొలాస్ ఫాటియో అను గణితజ్ఞుడును అతనితో గూడిన ఇద్దఱు గడియారపు పనివారును పేటెంటు పొందిరి. ఆ కాలమున అవి నిజమైన కెంపులే. 1902వ సంవత్సరమున వెర్న్యూయి అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు కెంపులను కొలిమిలో తయారుచేయు విధమును ప్రకటించినది మొదలు వాని వెల పడిపోయినది. పాత చేతిగడియారములోని రాయిని దొంగిలించువానికి కాఫీ నీళ్లయినను దొరకవు.

ఇక ఆనవాలు పట్టుట. అన్నిటికంటె ముందు డయలుమీది వ్రాతను భూతద్దముతో చదువవలెను. పేరొక్కటే చూచి విడువరాదు. ఆఱవ అంకె క్రింద అంచున చీమకాలంత అక్షరములలో నున్నది కూడ చదువవలెను. "స్విస్ మేడ్" అనియో "స్విస్" అనియో మాత్రమే యుండవచ్చును. ఆ మాటకు రెండు ప్రక్కల టి అను ఇంగ్లీషు అక్షరముండినచో అది యొక సంకేతము. దానిని గూర్చి పిమ్మట చెప్పుదుము.

స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశమునకు వచ్చిన చేతిగడియారములలో చాలవఱకు స్విట్జర్లాండువి. బొంబాయి, కలకత్తా వర్తకులద్వారా వచ్చినవి. వానిలో వెస్టెండు వాచి కంపెనీవారివి పేరుగాంచినవి. మొదటి ప్రపంచయుద్ధకాలమున భారతసైనికులు వీనిని కట్టుకొనిరి. ఆ కంపెనీవారి "సోవార్ ప్రైమా" అను పేరు అనేకుల యిండ్లలో వినబడినదే. సోవార్ అనగా గుఱ్ఱపురౌతు. మన "సవారి" యను మాట దీనికి చుట్టమే. మఱియు ఫావ్రె ల్యూబా మొదలైన కంపెనీల గడియారములును మన పట్టణములలో ఉద్యోగస్థుల చేతులకుండెడివి. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిషు సైన్యమువారు తమ మనుష్యులకిచ్చిన గడియారములకు డయలుమీదను మూతమీదను మూడు గీతల బాణపు గుర్తుండును. ఆ యుద్ధపు చివరను పండ్రెండు కంపెనీలచే ఒకే మచ్చున చేయించిన నల్ల డయలు గడియారముల మూతలమీద డబ్ల్యు అను అక్షరము మూడుసారులు చెక్కబడియున్నది. బాణపు గుర్తు కనబడినచో దానిని కంపెనీవారి యలంకారమని తలంపక, ఇంటిలో సైన్యమున పనిచేసినవారెవరో అడిగి తెలిసికొనవలెను.

మీలో పదిమందికి తొమ్మిదిమంది యింట కనబడునది మాత్రము హెచ్. ఎమ్. టి. గడియారమే యని చెప్పవచ్చును. హిందూస్థాన్ మెషిన్ టూల్సు అను ప్రభుత్వ కంపెనీ 1953వ సంవత్సరమున బెంగుళూరునందు స్థాపింపబడినది. యంత్రములను చేయు యంత్రములను తయారుచేయుట దాని మొదటి పని. హైదరాబాదునందు కూడ దానికి అట్టి కర్మాగారము కలదు. 1961వ సంవత్సరమున జపాను దేశపు సిటిజన్ కంపెనీవారి సహాయముతో బెంగుళూరులో చేతిగడియారముల కర్మాగారము నెలకొల్పిరి. అందు తయారైన మొదటి గడియారములను ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూగారు విడుదలచేసిరి. పిమ్మట తుమకూరు, శ్రీనగరము, రాణీబాగు అను చోటులయందును కర్మాగారములు వెలసినవి. స్విస్ గడియారము దొరల చేతికిని పెద్ద యుద్యోగుల చేతికిని ఉండు కాలముపోయి, పల్లెటూరి బడిపంతులుగారి చేతికిని, రైల్వే కూలీ చేతికిని గడియారము వచ్చినది. ఆ గడియారములలో మిక్కిలి పేరుపొందినదానికి "జనతా" యని నామకరణము చేయుట మాకు మిక్కిలి సమంజసముగా తోచుచున్నది. నల్ల డయలుగల "పైలట్", పలుచని "సోనా", తనంతట తానే కీ యెక్కించుకొను "కాంచన్" అనునవియు నుండెను. కన్నులు లేనివారు అద్దపు మూత తెఱచి, ముళ్లను వ్రేళ్లతో తడవి వేళ తెలిసికొనుటకు తగిన గడియారమును కూడ ఆ కంపెనీవారు చేసిరి. ఇట్టిది మీ యింటనున్నయెడల తప్పక జాగ్రత్త చేయుడు.

బ్యాటరీ గడియారములు వ్యాపించిన తరువాత హెచ్. ఎమ్. టి. వారి వ్యాపారము క్షీణించినది. 2016వ సంవత్సరమున ప్రభుత్వమువారు ఆ గడియారముల కంపెనీని మూసివేయ నిశ్చయించిరి. వెంటనే, విచిత్రముగా, జనులకు వానియందు మోజు కలిగినది. మోజు కలిగిన చోట మోసమును చేరును. విఱిగిన గడియారములనుండి భాగములు తీసి ఒకటిగా కూర్చి, డయలుకు క్రొత్త రంగు పూసి, పాతదియే యని అమ్ముట సాధారణమైపోయినది. చిలుకపచ్చ, నారింజ, ఊదా రంగుల డయలులతో మెఱయు "పాత" గడియారములు సంతలలో ఎన్నియో కనబడుచున్నవి. వానిని కట్టుకొనుట నేరము కాదు. కాని అట్టిదానిని పాత గడియారపు వెలకు కొనుట తెలివితక్కువ.

రంగు పూసిన డయలును గుర్తించుట యెట్లు? అచ్చు అక్షరముల అంచులు చూడవలెను. కర్మాగారమున వేసిన అక్షరము భూతద్దము క్రింద కూడ సన్నగాను, సమముగాను ఉండును. చేతిపనివాడు మఱల వేసిన అక్షరము ఉబ్బియో, ఒక ప్రక్కకు ఒరిగియో యుండును. నిమిషముల గీతలను లెక్కపెట్టుడు. ప్రతి రెండంకెల నడుమ సరిగా నాలుగే యుండవలెను. ఐదవది అంకె యొద్దకు రావలెను. డయలు అంచున కంపెనీవారు వేయు చిన్న యక్షరములు లేకుండుటయు అనుమానింపదగినదే. ముఖము నిగనిగలాడుచు, ముళ్లు మాత్రము తుప్పుపట్టియుండినచో అవి రెండును కలిసి పెరిగినవి కావని తెలియుచున్నది గదా! మెడ ముడుతలుపడి ముఖము పదియాఱేండ్ల బాలునివలె నున్నవానిని మనము నమ్ముదుమా?

వెనుకమూత డయలుకంటె నిజాయితీ గలది. సాధారణముగా దానిమీద లోహపు సంగతి వ్రాసియుండును. "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని యుండినచో వెనుకమూత మాత్రమే ఉక్కు. తక్కిన డొక్క యిత్తడిమీద క్రోమియము పూత పూసినదై యుండవచ్చును. దీనినే ఫ్రెంచి భాషలో "ఫోన్ ఆసియే ఇనాక్సిదాబ్ల్" అని వ్రాయుదురు. ఈ భేదము మన కోస్తా జిల్లాలవారికి ముఖ్యమైనది. ఏలయనగా ఇచ్చటి చెమటకును ఉప్పుగాలికిని పూత లేచిపోయి, పట్టీ తగులు కొమ్ములయొద్ద ఇత్తడి బయటపడి పచ్చని చిలుము పట్టును. ఉక్కు డొక్కకు అట్టి బాధ లేదు.

మూత లోపలి భాగమున, సాధారణముగా మనము చూడని చోట, సూదితో గీసిన సన్నని అంకెలో అక్షరములో ఉండును. అవి గీతలని యెంచి తుడిచివేయరాదు. గడియారమును విప్పి శుభ్రముచేసిన ప్రతి పనివాడును తన గుర్తును, తేదీని అక్కడ గీసి పెట్టుట పూర్వాచారము. అట్టి గుర్తులు నాలుగైదు కనబడినచో ఆ గడియారమును దాని యజమానుడు ఎంత శ్రద్ధతో చూచుకొనెనో తెలియును. చర్చి వివాహపు రిజిస్టరులో ఒకే కుటుంబపు పేరులు తరతరముగా కనబడినట్లే, ఒకే గడియారముమీద తండ్రికాలపు పనివాని గుర్తును, కుమారునికాలపు పనివాని గుర్తును కనబడుటయు కలదు.

మూతమీద బయట చెక్కించిన పేరును గూర్చి ఒక సంగతి చెప్పవలసియున్నది. మా పూర్వవిద్యార్థి యొకని తండ్రిగారు పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా నుండి విశ్రాంతి పొందిరి. ఆ సమయమున గ్రామస్థులు చందాలు వేసికొని ఒక జనతా గడియారము కొని, మూతమీద వారి పేరును, సంవత్సరమును చెక్కించి బహూకరించిరి. వారు పరమపదించిన పిమ్మట కుమారుడు తల్లిని సంతోషపెట్టవలెనని దానిని ఒక పట్టణములోని దుకాణమునకిచ్చెను. దుకాణపువాడు మోసగాడు కాడు. అడిగిన పనియే చేసెను. మూతను సానబట్టి అద్దమువలె మెఱయించెను. డయలుకు నీలిరంగు పూసెను. గడియారము చక్కగా నడచినది. తల్లి దానిని అటునిటు త్రిప్పి చూచి, "ఇది మీ నాన్నగారిది కాదు నాయనా" అని మఱల కుమారుని చేతికే ఇచ్చెను. లోపలి యంత్రము అదే యని అతడెంత చెప్పినను ఆమెకు రుజువు చూపుటకు దానిమీద నేమియు మిగులలేదు. సానబట్టిన లోహమును మఱల పెట్టు పనివాడు లోకమునందెక్కడను లేడు.

ఇప్పుడు అన్నిటికంటె జాగ్రత్తగా వినవలసిన విషయమునకు వచ్చుచున్నాము. కొన్ని పాత గడియారముల అంకెలమీదను ముళ్లమీదను చీకటిలో వెలుగుటకై మందమైన రంగు పూయబడియుండును. 1898వ సంవత్సరమున క్యూరీ దంపతులు కనుగొనిన రేడియము అను ధాతువును జింకు సల్ఫైడు అను పొడితో కలిపి ఈ రంగును చేసెడివారు. రేడియమునుండి నిరంతరము వెలువడు కిరణములు ఆ పొడికి తగిలి వెలుగు పుట్టును. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఆరెంజి అను పట్టణములోని కర్మాగారమునందు 1917వ సంవత్సరము మొదలుకొని యువతులు ఈ రంగును డయలులకు పూయుచుండిరి. వారిలో కొందఱు మన పాఠశాలలోని పెద్ద తరగతుల బాలికల యీడువారు. అంకెలు సన్నగా వచ్చుటకు కుంచెమొనను పెదవులతో తడిపి కూర్చవలెనని వారికి నేర్పిరి. రంగు హానికరము కాదని చెప్పిరి. కొన్ని సంవత్సరములకు వారి పండ్లు ఊడిపోయినవి, దవడ యెముకలు క్షీణించినవి, పలువురు మరణించిరి. ఐదుగురు స్త్రీలు కంపెనీమీద వ్యాజ్యము వేయగా 1928వ సంవత్సరమున రాజీ కుదిరినది. పనివారి రక్షణచట్టముల చరిత్రలో ఈ స్త్రీల పేరు నిలిచియున్నది.

విద్యార్థులు పొరపడు చోటు ఇక్కడనే. "మా తాతగారి గడియారము చీకటిలో వెలుగుట లేదు, కాబట్టి దానిలో రేడియము చచ్చిపోయినది" అందురు. అట్లు కాదు. కొన్నాళ్లకు చెడిపోయినది జింకు పొడి మాత్రమే. రేడియము సగమగుటకు 1,600 సంవత్సరములు పట్టును. 1940వ సంవత్సరమున పూసిన రేడియములో 2040వ సంవత్సరమునకు నూఱింట నాలుగు పాళ్లు మాత్రమే తగ్గియుండును. పెద్ద తరగతులవారు లెక్కవేసి చూడవచ్చును. 1960లలో గడియారపు కంపెనీలు క్రమముగా రేడియమును విడిచిపెట్టి, దానికంటె బలహీనమైన ట్రిటియమును వాడిరి. దాని సగము కాలము పండ్రెండేండ్ల చిల్లర. పైన చెప్పిన టి అక్షరములు ఆ ట్రిటియమునకు గుర్తు. కాబట్టి 1960ల నాటిదో అంతకు పూర్వపుదో యై, అంకెలమీది రంగు గోధుమవర్ణమునకు తిరిగి, ముల్లు చిరకాలము నిలిచిన చోట డయలుమీద కాలినట్టి నీడ పడియున్నచో దానిని రేడియము గడియారముగానే యెంచవలెను.

భయపడి పాఱవేయనక్కఱలేదు. మూత బిగించి అద్దము బాగుగానున్నంతవఱకు దుమ్ము బయటికి రాదు. కిరణములలో మిక్కిలి హానిచేయువానిని అద్దమే ఆపివేయును. అపాయమంతయు ఆ రంగు పొడియై ఊపిరితోనో అన్నముతోనో లోపలికి పోయినపుడే. కావున అట్టి గడియారమును విప్పరాదు, అంకెలను గోటితో గీకరాదు, చంటిపిల్లలకు ఆటవస్తువుగా ఇయ్యరాదు, కట్టుకొని నిద్రింపరాదు. అద్దము పగిలినచో గట్టిగా మూసిన ప్లాస్టికు సంచిలో పెట్టి, చేతులు కడుగుకొనవలెను. మరమ్మతునకు ఇచ్చునపుడు "ఇది రేడియము డయలు" అని పనివానికి తప్పక చెప్పవలెను. మన పట్టణములలో బల్లముందు కూర్చుండి పనిచేయు ఆ పెద్దలు దుమ్మును నోటితో ఊదుట మేము చూచియున్నాము. మనము చెప్పకున్న అతడు దీనిని కూడ ఊదును. మన గడియారము బాగుపడుటకు ఇంకొకని ఊపిరితిత్తులు చెడిపోవుట తగదు గదా.

సంరక్షణ విషయమున చెప్పవలసినది అంత యెక్కువ లేదు. ప్రతి ఉదయము ఒకే వేళను, చేతినుండి తీసి, వ్రేళ్ల కొనలతో మెల్లగా కీ ఇయ్యవలెను. ఇంక తిరుగనని అది చెప్పినచోట ఆగవలెను. "కీ యెక్కువై ఆగిపోయినది" అను మాట వట్టిది. స్ప్రింగు పూర్తిగా బిగిసినంత మాత్రమున గడియారము ఆగదు; లోపల నూనె ఎండి ధూళి పట్టుటచేతనే ఆగును. అట్టిదానికి ఇంకను కీ త్రిప్పినచో మాత్రము విఱుగును. తేదీ చూపు గడియారమునకు రాత్రి తొమ్మిదింటినుండి తెల్లవాఱుజామున మూడింటివఱకు తేదీని చేతితో మార్చరాదు. ఆ సమయమున తేదీ చక్రము పండ్లు పట్టుకొనియుండును.

నూనె యనగానే కొందఱు కొబ్బరినూనెయో కుట్టుమిషను నూనెయో ఒక చుక్క వేయుదురు. ఇంతకంటె కీడు వేఱొకటి లేదు. గడియారపు నూనె ప్రత్యేకమైనది. సూదిమొనపై నిలుచునంతటి చుక్క ఒక్కొక్క రాయికి చాలును. కొబ్బరినూనె కొద్ది నెలలలో జిగురై చక్రముల నన్నిటిని అంటించివేయును. యంత్రమును విప్పకుండ అట్లే పెట్రోలులో ముంచి తీయుటయు శుభ్రపఱచుట కాదు. ఉన్న నూనె పోయి ఇరుసులు పొడిగా అఱిగిపోవును. దినమును కట్టుకొను గడియారమును నాలుగైదేండ్లకొకసారి పూర్తిగా విప్పించి, కడిగించి, మఱల నూనె పెట్టించుట మంచిది.

డయలుమీద "వాటర్‌ప్రూఫ్" అని యున్నను నమ్మరాదు. ఆ మాట వ్రాసిన దినమున నిజమే కావచ్చును. మూతక్రింది రబ్బరు ముప్పదియేండ్లకు అప్పడమువలె పెళుసై విఱిగిపోవును. చేతులు కడుగుకొనునపుడు కూడ తీసిపెట్టవలెను. అద్దములోపల ఆవిరి కనబడినచో ఎండలో పెట్టి ఊరకుండక ఆ దినమే పనివానియొద్దకు గొనిపోవలెను. ఉక్కు ఇరుసులకు తుప్పు ఒక్క రాత్రిలోనే మొదలగును. చెమట కాలమున సాయంకాలము పొడిగుడ్డతో వెనుకమూతను కొమ్ములను తుడిచిన చాలును. ప్లాస్టికు అద్దముమీది గీతలను లోహమును మెఱుగుపెట్టు ముద్దతో మెల్లగా రుద్ది పోగొట్టవచ్చును. డొక్కమీది గీతల జోలికి మాత్రము పోవలదు.

గడియారము ఒక్కసారిగా గంటకు కొన్ని నిమిషములు ముందుకు పరుగెత్తుచుండినచో అయస్కాంతము సోకినదని అనుమానింపవలెను. రేడియో స్పీకరు, మొబైలు ఫోను, అయస్కాంతపు గుండీలుగల సంచి, వీనియొద్ద పెట్టుటచే వెండ్రుక స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొనును. మన ప్రయోగశాలలోని దిక్సూచిని దగ్గఱకు తెచ్చి చూడుడు; సూది కదలి గడియారము వెంటనే తిరిగినచో సంగతి తేలిపోవును. పనివాడు చిన్న తీగచుట్టతో నిమిషములో దానిని పోగొట్టగలడు. ఇందుకు గడియారమంతయు విప్పవలెనని ఎవరైన చెప్పినచో ముందు తీగచుట్టతో ప్రయత్నింపుమని మర్యాదగా అడుగుడు.

కట్టుకొనకుండ దాచు గడియారమునకు తోలుపట్టీ తీసివేయవలెను. తోలు తేమను పీల్చి లోహమునకు పట్టించును. తేమను పీల్చు సిలికా పొట్లమొకటి పెట్టెలో వేయవలెను. కాని మా అభిప్రాయము అడిగినచో, బాగుచేయించిన గడియారమును పెట్టెలో దాచుటకంటె ఆదివారము ఆరాధనకైనను కట్టుకొని వెళ్లుటయే మేలు. భూమిలో పాతిపెట్టిన తలాంతు సంగతి మీకు తెలిసినదే.

ఇక దుకాణమునకు ఇచ్చునప్పటి మాట. ఇచ్చుటకు ముందు డయలును, మూతను, ప్రక్కలను ఫోటోలు తీసికొనుడు. పనివానితో మూడు మాటలు స్పష్టముగా చెప్పుడు: "అన్నగారూ, యంత్రమును కడిగి నూనె పెట్టుడు, డయలు ముట్టవలదు, మూత సానబట్టవలదు." మార్చిన భాగములున్నచో పాతవానిని తిరిగి ఇమ్మని అడుగుడు. మూత తెఱచినపుడు దగ్గఱ నుండి యంత్రముమీది పేరును, మూతలోపలి గుర్తులను ఫోటో తీసికొనుడు. ఆ సమయము మఱల నాలుగైదేండ్లకు గాని రాదు. పిమ్మట ఒక కాగితముమీద గడియారము ఎవరిది, ఎవరు కొనిరి లేక ఎవరిచ్చిరి, ఏ సంవత్సరము, ఎక్కడ, ఎప్పుడెప్పుడు బాగుచేయించితిరి, ఏ భాగము మార్చితిరి అను సంగతులు సిరాతో వ్రాయుడు. రేడియము డయలు అయినచో ఆ మాటను పైననే వ్రాయుడు. తెలిసిన పెద్దలు బ్రదికియుండగానే ఈ సెలవులలో అడిగి వ్రాసికొనుడు. ఆ కాగితమును ఇంటి దస్తావేజులతో కాక గడియారమున్న పెట్టెలోనే ఉంచుడు. వేఱుగా దాచినచో, ముప్పదియేండ్ల తరువాత ఏ కాగితము ఏ గడియారముదో చెప్పగలవారు ఇంటిలో ఉండరు.